రాజుగారిని నవ్వించాడు, వందేళ్ళు డబ్బాలో దాక్కున్నాడు!

మీకు తెలుసా? ఢిల్లీలో జామా మసీదు దగ్గర ఇప్పుడు నేతాజీ సుభాష్ పార్కు ఉన్నచోట ఒకప్పుడు ఒక ఇంగ్లండు రాజు గుర్రమెక్కి కూర్చుని ఉండేవాడు. ఏడవ ఎడ్వర్డ్ కంచు విగ్రహం అది. అప్పట్లో ఆ తోట పేరు కూడా ఎడ్వర్డ్ పార్కే. మరి ఆ విగ్రహం ఇప్పుడెక్కడుందో చెప్పుకోండి? కెనడాలోని టొరంటోలో! 1969లో గుర్రంతో సహా సముద్రాలు దాటేసింది!

ఈ రాజుగారి పట్టాభిషేకానికి 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగిందని తెలుసా? ఇప్పుడు కొరొనేషన్ పార్కు అంటున్నామే, అక్కడే. ఏనుగులు, నగలు, నవాబులు, మహారాజులు అందరూ వచ్చారు. రాజుగారు మాత్రం రాలేదు! తమ్ముణ్ణి పంపి ఊరుకున్నారు. పెళ్ళికొడుకు లేని పెళ్ళి!

ఢిల్లీకి రాలేని రాజుగారికి అదే ఏడాది ఒక ఆట చూడ్డానికి మాత్రం తీరిక దొరికింది. 1903 జూన్ 23న, లండన్‌లో, బకింగ్‌హామ్ ప్యాలెస్ తోటలో ప్రత్యేకంగా వేదిక వేయించి ఒక నాటక బృందాన్ని పిలిపించారు. ఆ రోజు ఆయన మనవడి తొమ్మిదో పుట్టినరోజు. బృందంలో ఉన్నవాళ్ళంతా అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి నటులే. అందరికంటే ఎక్కువ నవ్వించిన పొడుగాటి మనిషి పేరు బెర్ట్ విలియమ్స్. ఎప్పుడైనా విన్నారా? వినకపోతే ఈ పేజీ మీకోసమే!

బెర్ట్ విలియమ్స్ అమెరికాలో పుట్టనేలేదని తెలుసా? 1874లో బహామా దీవుల్లోని నాసావులో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా చేరారు, కాలిఫోర్నియాలో పెరిగారు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జార్జ్ వాకర్ అనే కుర్రాడు తగిలాడు. ఆ జంట పదహారేళ్ళు విడిపోలేదు!

ఈ ఇద్దరి తొలి వేషాల్లో ఒకటేమిటో తెలుసా? నకిలీ ఆఫ్రికన్లు! 1894లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్‌లో పశ్చిమాఫ్రికాలోని దహోమీ గ్రామం సెట్టింగు వేశారు. అసలు దహోమీ వాళ్ళ ఓడ సమయానికి రాలేదు. అందుకని ఊళ్ళో ఉన్న నల్లకుర్రాళ్ళను కూలికి పిలిచి, మీరే దహోమీ వాళ్ళన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఈ ఇద్దరూ తమ నాటకానికి ఏం పేరు పెట్టారనుకున్నారు? 'ఇన్ దహోమీ'! రాజుగారు చూసింది ఆ నాటకాన్నే!

'ఇన్ దహోమీ' కొట్టిన రికార్డు తెలుసా? రాసినవాళ్ళు, బాణీలు కట్టినవాళ్ళు, ఆడి పాడినవాళ్ళు అందరూ నల్లజాతివాళ్ళే అయిన నిండు నిడివి సంగీత నాటకం న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలోని పెద్ద థియేటర్‌లో ఆడటం అదే మొదటిసారి. తేదీ 1903 ఫిబ్రవరి 18. న్యూయార్క్‌లో 53 ఆటలు ఆడింది. లండన్‌లో? 251! ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. వీళ్ళు రచ్చలో దాదాపు ఐదింతలు గెలిచారు!

అమెరికాలోని మహా కుబేరుల కుటుంబానికి వీళ్ళు సవాలు విసిరారని తెలుసా? అప్పట్లో కేక్‌వాక్ అనే డాన్సు మీద జనం పిచ్చెక్కి ఉన్నారు. అది నల్లజాతివాళ్ళ డాన్సు. విలియమ్ వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడు ఏదో విందులో ఆ అడుగులు వేశాడని విని, వీళ్ళిద్దరూ 1898లో ఆయన ఇంటికి నేరుగా వెళ్ళి ఉత్తరం ఇచ్చారు. ఎవరు బాగా ఆడతారో తేల్చుకుందాం రండి, పందెం 50 డాలర్లు! కోటీశ్వరుడు రాలేదు. పేపర్లలో పేరు మాత్రం వీళ్ళిద్దరికీ వచ్చింది!

మన గౌహర్ జాన్ కలకత్తాలో తొలి గ్రామఫోన్ రికార్డులు ఇచ్చింది 1902 నవంబరులో. బెర్ట్ విలియమ్స్ ఎప్పుడో తెలుసా? 1901 అక్టోబరులోనే, విక్టర్ కంపెనీకి! పెద్ద కంపెనీ రికార్డుల మీద వినబడ్డ తొలి నల్లజాతి గొంతుల్లో ఆయనదొకటి. తర్వాత 1906లో కొలంబియా కంపెనీకి ఇచ్చిన 'నోబడీ' అనే పాట లక్షకు పైగా అమ్ముడుపోయిందని అంచనా. రేడియో లేదు, టీవీ లేదు, ఇంటింటికీ ఫోను లేదు. అయినా లక్ష!

ఆ పాటను బెర్ట్ మొదట పాడిన 'అబిసీనియా' అనే నాటకంలో ఇంకేముందో తెలుసా? ఒంటెలు! బొమ్మలు కాదు, ప్రాణమున్న ఒంటెలు, బ్రాడ్‌వే వేదిక మీద! అవి ఆటలో ఎలా కుదురుగా నిలబడ్డాయో, పాపం మేపినవాళ్ళెవరో!

బెర్ట్ రంగు ఏమిటో తెలుసా? చామనఛాయ. ఆరడుగుల పైచిలుకు మనిషి, చక్కటి మాటతీరు, పుస్తకాల పురుగు. మరి వేదిక మీద? కాల్చిన బెరడు మసి మొహమంతా పూసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, పొట్టి కోటు, పెద్ద పెద్ద బూట్లతో కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవారు. తెల్లవాళ్ళు మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరించే ఆటలే అప్పుడు రాజ్యమేలుతున్నాయి. నల్లవాడు కూడా ఇంకా నల్లగా కనబడితేనే టికెట్టు తెగేది! ఆ వేషం లోపలి నుంచే ఆయన ఒక మనిషిని బయటికి తీశారు. అదృష్టం ఎప్పుడూ ఒక అడుగు దూరంలో ఉండిపోయే మనిషి, ఎవరినీ తిట్టని మనిషి. నాకు ఆయన గొప్పతనమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

జార్జ్ వాకర్‌కు 1909లో జబ్బు చేసింది, 1911లో కన్నుమూశారు. ఈలోపు 1910లోనే బెర్ట్ ఒంటరిగా ఎక్కిన మెట్టు ఏదో తెలుసా? జీగ్‌ఫెల్డ్ ఫోలీస్! పాటలు, డాన్సులు, హాస్యం కలిపిన రెవ్యూల్లో అమెరికాలోకెల్లా ఖరీదైనది అది. తారాగణమంతా తెల్లవాళ్ళు. ఇతను ఉంటే మేం ఉండమని కొందరు అలిగారు. నిర్మాత జీగ్‌ఫెల్డ్ ఏమన్నారట? మీలో ఎవరు వెళ్ళినా ఇంకొకర్ని తెచ్చుకోగలను గానీ, ఇతను వెళితే మాత్రం ఇంకొకర్ని తేలేనని! అలిగినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి!

1911 ఫోలీస్‌లో ఒక సీను ఉంది. న్యూయార్క్‌లో కొత్తగా కడుతున్న గ్రాండ్ సెంట్రల్ స్టేషన్, ఎత్తున ఇనుప దూలాలు. లియన్ ఎరోల్ అనే తెల్ల హాస్యనటుడు దారి తప్పిన ప్రయాణికుడు, బెర్ట్ సామాను మోసే కూలీ. ఇద్దరి నడుముకూ ఒకే తాడు. మొదట్లో చిన్న సీనే. ఇద్దరూ రోజుకో ముక్క అక్కడికక్కడే కల్పించి ఎన్ని నిమిషాలకు సాగదీశారో తెలుసా? ఇరవై! డైలాగు రైటరుకు సెలవు!

ఇంత పేరున్న మనిషి ఒప్పందంలో ఏం రాయించుకోవాల్సి వచ్చిందో తెలుసా? వేదిక మీద ఏ నటితోనూ ఒంటరిగా ఉండే సీను వద్దని, దక్షిణాది రాష్ట్రాల్లో ఆడబోనని. ఎవరైనా గొడవకు దిగితే ప్రాణం మీదికి వస్తుందని! తోటి నటుడు ఎడ్డీ కాంటర్ చెప్పిన ఇంకో ముచ్చట: హోటల్లో గది ఇచ్చారు గానీ, బెర్ట్ వెనకవైపు లిఫ్టులోనే ఎక్కాలి. చెవుల్లో ఇంకా చప్పట్లు మోగుతున్నాయి కాబట్టే అది ఎక్కువ బాధిస్తోందని బెర్ట్ అన్నారట. ఇక్కడ నాకు జోకు రాదు.

సరే, ఇప్పుడు అసలు బాంబు! గట్టిగా పట్టుకోండి.

1913. ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' బొంబాయి కొరొనేషన్ థియేటర్‌లో మే 3న విడుదలైన ఏడాది. సరిగ్గా అదే ఏడాది న్యూయార్క్‌లో బయోగ్రాఫ్ కంపెనీ బెర్ట్ విలియమ్స్‌ను హీరోగా పెట్టి ఒక నిండు సినిమా తీసిందని తెలుసా? పదుల కొద్దీ నల్లజాతి నటీనటులు. ఊరి అందగత్తె కోసం ముగ్గురు మగవాళ్ళ పోటీ. ఊరేగింపు, రంగులరాట్నం, కేక్‌వాక్. ఏడు రీళ్ళ సరుకు! ఎడిటింగ్ పూర్తికాకముందే ఆపేశారు. విడుదలే కాలేదు!

ఆ రీళ్ళు ఏమయ్యాయి? 1930ల చివర్లో బయోగ్రాఫ్ వాళ్ళ పాత గోదాములోంచి సుమారు 900 నెగటివ్‌లను న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ తెచ్చుకుంది. తెప్పించినావిడ ఐరిస్ బారీ. ఆ తొమ్మిదొందల డబ్బాల్లో ఈ సినిమా కూడా ఉంది. పేరు లేదు. టైటిల్ కార్డు లేదు. స్క్రిప్టు లేదు. నటుల జాబితా లేదు. డబ్బా మాత్రం ఉంది. అలా ఎన్నేళ్ళు ఉందంటారు? తీసినప్పటి నుంచి తెర మీద పడేదాకా లెక్కేస్తే 101 ఏళ్ళు! 2014లో గానీ జనం చూడలేదు!

మూకీ సినిమాలో ఎవరేం మాట్లాడారో ఎలా కనుక్కున్నారో తెలుసా? పెదవుల కదలిక చదవగలిగేవాళ్ళను కూర్చోబెట్టారు! నటులను ఎలా గుర్తుపట్టారు? పాత నాటకాల ఫొటోలు ముందేసుకుని మొహానికి మొహం పోల్చారు. డిటెక్టివ్ నవలలో కూడా ఇంత పని ఉండదు!

విడుదల కాకపోవడం వల్ల ఒక లాభం కూడా జరిగిందని తెలుసా? ఎడిటింగ్ చేయని సరుకు కాబట్టి పనికిరాని ముక్కలు కూడా మిగిలాయి. ఒకే సీను రెండు మూడుసార్లు తీయడం, టేకుకూ టేకుకూ మధ్య నటులు కబుర్లాడుకోవడం, తెల్ల దర్శకులూ నల్ల నటులూ పక్కపక్కనే నిలబడటం, అన్నీ ఉన్నాయి! సినిమా పూర్తయి ఉంటే ఆ ముక్కలన్నీ చెత్తబుట్టలోకి పోయేవి. 1913 నాటి షూటింగు స్పాటులోకి మనల్ని ఉచితంగా రానిచ్చారన్నమాట!

ఆ సినిమాలో మొహానికి మసి పూసుకున్నది ఎంతమందో తెలుసా? ఒక్కరే. బెర్ట్! మిగతావాళ్ళంతా తమ సొంత మొహాలతో, మంచి బట్టల్లో, దర్జాగా కనబడతారు. హీరో ఒక్కడు మసి పూసుకుంటే తెల్ల ప్రేక్షకుల సరదా తీరుతుంది, మిగిలినవాళ్ళు మామూలు మనుషుల్లా ఉండవచ్చు అన్న లెక్క కాబోలని పరిశోధకులు అంటారు. ఆ మసిని ఆయన ఒక్కడే అందరి తరఫునా మోశారు!

ఇంకోటి. ఆ రోజుల్లో తెర మీద నల్లజాతి జంట ప్రేమించుకుంటే వెటకారంగానే చూపించేవాళ్ళు. ఈ సినిమాలో బెర్ట్, హీరోయిన్ ఒడెస్సా వారెన్ గ్రే ముద్దు పెట్టుకుంటారు. వెటకారం లేదు. నిజంగా ప్రేమించుకునే జంట ముద్దు! రెండేళ్ళ తర్వాత 1915లో 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే సినిమా వచ్చి నల్లవాళ్ళను రాక్షసుల్లా చూపించి దేశమంతా ఆడింది. ఈ ముద్దు మాత్రం డబ్బాలో నిద్రపోయింది. ఏది తెరకెక్కాలో అది ఎక్కలేదు!

ముద్దంటే గుర్తొచ్చింది. అంతకంటే పాతది ఇంకోటి ఉందని తెలుసా? 1898లో షికాగోలో విలియమ్ సెలిగ్ తీసిన చిన్న ముక్క. సెయింట్ సటిల్, గర్టీ బ్రౌన్ అనే ఇద్దరు నల్లజాతి కళాకారులు నవ్వుకుంటూ ముద్దులాడుకుంటారు. నిడివి అర నిమిషం లోపే! అదీ 2017 దాకా ఎవరికీ తెలియదు!

బెర్ట్ సినిమాలో ఒక ముసలాయన కూడా ఉన్నారు, శామ్ లూకాస్. 1914లో 'అంకుల్ టామ్స్ క్యాబిన్' సినిమాలో టామ్‌గా వేసింది ఆయనే. నల్లజాతి బానిస టామ్ పాత్రను తెరమీద నల్లవాడే వేయడం అదే మొదలు. అంతకుముందు ఆ పాత్రను తెరమీద ఎవరు వేసేవారో తెలుసా? మసి పూసుకున్న తెల్లవాళ్ళు! వేషమేదో, మనిషేదో!

అమెరికాలో తీసిన మూకీ కథాచిత్రాలు దాదాపు 11,000. తీసినప్పటి రూపంలోనే మిగిలినవి ఎన్నో తెలుసా? నూటికి 14! మన దేశంలో? వెయ్యికి పైగా మూకీలు తీశాం, మిగిలినవి పదుల్లోనే. రఘుపతి వెంకయ్యనాయుడు, ఆయన కొడుకు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మనం చూడాలన్నా చూడలేం. విడుదలై ఊరూరా ఆడిన సినిమాలు మాయమయ్యాయి, అసలు విడుదలే కాని సినిమా బతికింది!

ఢిల్లీవాళ్ళు వినండి! 1911 ఢిల్లీ దర్బారును రంగుల్లో చిత్రీకరించారని తెలుసా? కినిమాకలర్ అనే పద్ధతిలో చార్లెస్ అర్బన్ తీశారు. 1912 ఫిబ్రవరిలో లండన్‌లోని స్కాలా థియేటర్‌లో వేస్తే జనం విరగబడ్డారు. రెండు గంటలకు పైగా ఆట! ఇప్పుడు మిగిలింది? ఒకటి రెండు రీళ్ళు. దర్బారు తర్వాత జరిగిన సైన్యం కవాతు రీలు ఎక్కడ బయటపడిందో చెప్పండి? ఢిల్లీలో కాదు, లండన్‌లో కాదు, రష్యాలో! విగ్రహం టొరంటోకి, రీలు రష్యాకి. ఢిల్లీ ఎన్ని దేశాలకు పంచిపెట్టిందో చూడండి!

బెర్ట్ సినిమాలు అసలు విడుదలే కాలేదా? అయ్యాయి. 1916లో బయోగ్రాఫ్ వాళ్ళే రెండు చిన్న సినిమాలు తెచ్చారు. 'ఫిష్'లో ఆయన చేపలు పట్టడానికి ఇంట్లోంచి పారిపోయే పిల్లవాడు. ఆయన వయసు అప్పుడెంతో తెలుసా? 40 దాటింది! రెండోది 'ఎ నేచురల్ బార్న్ గ్యాంబ్లర్'. దాని కెమెరామన్ ఎవరో తెలిస్తే నోరు తెరుస్తారు. బిల్లీ బిట్జర్! 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' తీసిన కెమెరామనే. నల్లవాళ్ళను అవమానించిన కెమెరా చేతులే మరుసటి ఏడాది బెర్ట్‌ను అందంగా చూపించాయి!

1919లో నటుల సమ్మె జరిగింది. బెర్ట్ ఎప్పటిలాగే మేకప్పు వేసుకుని థియేటర్‌కు వచ్చారట. చూస్తే ఒక్క పురుగు లేదు! సమ్మె సంగతి ఆయనకు చెప్పినవాడే లేడు. ఎందుకో తెలుసా? నటుల సంఘంలో ఆయనకు సభ్యత్వమే లేదు! సినిమా, నాటకం, రికార్డు మూడింటిలో జెండా ఎగరేసిన మనిషికి!

హాస్యనటుడు డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ ఏమన్నారో తెలుసా? తాను చూసినవాళ్ళలో అందరికంటే ఎక్కువ నవ్వించినవాడు బెర్ట్, తనకు తెలిసినవాళ్ళలో అందరికంటే విషాదంగా ఉన్నవాడూ బెర్టే అని. నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ అయితే మా జాతికి నాకంటే ఇతనే ఎక్కువ మేలు చేశాడన్నారు. ఇంతకంటే పెద్ద అవార్డు ఉంటుందా!

1890ల్లో బెర్ట్ మొదటిసారి మొహానికి మసి పూసుకున్న ఊరు డెట్రాయిట్ అంటారు. 1922 ఫిబ్రవరి చివర్లో ఆట మధ్యలో ఆయన కుప్పకూలిన ఊరు ఏదో తెలుసా? అదే డెట్రాయిట్! జనం ఏం చేశారు? నవ్వారు. అది కూడా ఆటలో భాగమేననుకున్నారు. మార్చి 4న న్యూయార్క్‌లో కన్నుమూశారు. వయసు 47. కడసారి చూపుకు 5,000 మందికి పైగా వచ్చారు.

ఆ సమయానికి, 1903లో తొమ్మిదో పుట్టినరోజు జరుపుకున్న ఆ పిల్ల రాకుమారుడు ఎక్కడున్నాడో చెప్పగలరా? మన దేశంలో! వేల్స్ యువరాజుగా భారత పర్యటనలో ఉన్నారు. కాంగ్రెస్ బహిష్కరణ పిలుపుతో చాలా ఊళ్ళలో వీధులు బోసిపోయి స్వాగతం పలికాయి. నవ్వించడానికి అక్కడ బెర్ట్ లేరు మరి!

1940లో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ అంతటివాడు బెర్ట్ పేరు మీద ఒక సంగీత రచన చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఒక సరుకుల ఓడకు పేరు పెట్టింది, ఎస్.ఎస్. బెర్ట్ విలియమ్స్ అని! 2014లో ఆ ఏడు రీళ్ళ సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. వెలుగు చూసిన ఏడాదే గౌరవం. వందేళ్ళ బాకీకి వడ్డీ కాస్త తొందరగానే ముట్టింది!

చివరి ప్రశ్న, సమాధానం మీరే కనుక్కోవాలి. 'ఎ నేచురల్ బార్న్ గ్యాంబ్లర్' ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో బెర్ట్ జైలుగదిలో ఒంటరిగా కూర్చుని పేకాట ఆడతారు. ముక్కలు లేవు, డబ్బు లేదు, ఎదురుగా మనిషి లేడు. అయినా కలుపుతారు, పంచుతారు, తన ముక్కలు దొంగచూపులు చూస్తారు, పందెం పెంచుతారు, చివరికి ఓడిపోతారు! మెట్రోలో రాజీవ్ చౌక్ దాటేలోపు చూసేయవచ్చు. చూసి చెప్పండి, ఆ ఆటలో మొత్తం ఎంతమంది కూర్చున్నట్టు మీకు కనబడింది?